పాత పేటెంట్ల పక్కన పెడితే మీ యాంటెన్నా నిలుస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో, చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో యాంటెన్నాల మీద పని చేస్తున్నవాళ్ల కోసం ఇవి రాశాం. పేటెంటు దరఖాస్తులు ఎక్కువగా పడిపోయేది కొత్తదనం లేక కాదు, "ఇది ఎవరికైనా తట్టేదే" అన్న ఒక్క అభ్యంతరం దగ్గర. అందుకే మిగతా సంగతులు పొట్టిగా ముగించి, దాని మీదే ఎక్కువసేపు ఉన్నాం.

మా డిజైన్ ఎక్కడ వెతికినా కనపడలేదు. ఇక పేటెంటు వచ్చినట్టేగా?

కాదు. ఎక్కడా కనపడకపోతే అది కొత్తది, అంతే. మన పేటెంట్ల చట్టం, 1970 కొత్తదనంతో పాటు ఇన్వెంటివ్ స్టెప్ కూడా అడుగుతుంది. సెక్షన్ 2(1)(జెఏ) ప్రకారం మీ ఆవిష్కరణలో ఉన్న విశేషం అప్పటిదాకా ఉన్న పరిజ్ఞానం కంటే సాంకేతికంగా ముందడుగు అయి ఉండాలి, లేదా ఆర్థిక ప్రాధాన్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. దాంతోపాటు ఆ రంగం తెలిసిన మనిషికి అది తేలిగ్గా తట్టేది కాకూడదు. ఈ చివరి షరతు తప్పనిసరి. బాగా అమ్ముడుపోతుంది అన్న ఒక్క మాటతో దాన్ని దాటలేరు.

"ఎవరూ చేయలేదు" వేరు, "ఎవరికీ తట్టదు" వేరు. ప్యాచ్ యాంటెన్నాని (బోర్డు మీద పలచటి రాగి రేకుతో చేసేది) మామిడాకు ఆకారంలో కోస్తే అది కొత్తదే కావచ్చు. కానీ ప్యాచ్ అంచు పొడవు మారితే రెజొనెన్స్ (యాంటెన్నా బాగా స్పందించే ఫ్రీక్వెన్సీ) మారుతుందని తెలిసిన ఏ ఇంజనీరైనా కావాలంటే ఆ పని చేయగలడు. అవసరం పడక చేయలేదు, అంతే.

తట్టడం, తట్టకపోవడం ఎవరికి? పేటెంటు ఆఫీసులో దరఖాస్తు పరిశీలించే ఎగ్జామినరుకా, ప్రొఫెసరుకా?

ఇద్దరికీ కాదు. చట్టం ఊహించుకున్న ఒక మనిషికి. యాంటెన్నాల విషయంలో ఆ మనిషి ఎలా ఉంటాడంటే, ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) చదువుకున్నాడు, కొన్నేళ్లు పని చేశాడు, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ నడపగలడు, నెట్‌వర్క్ ఎనలైజరు వాడగలడు. దరఖాస్తు తేదీ నాటికి బయటికొచ్చిన పేటెంట్లు, పేపర్లు అన్నీ అతనికి అందుబాటులో ఉంటాయి. లేనిదల్లా కల్పనాశక్తే.

అతనికి ముందే తెలిసిన సంగతుల్ని తక్కువ అంచనా వేయొద్దు. అర తరంగదైర్ఘ్యం డైపోల్ ఇంపీడెన్స్ సుమారు 73 ఓములని, దాన్ని ఫోల్డెడ్ డైపోల్ చేస్తే నాలుగింతలై 300 ఓముల దగ్గరికి వస్తుందని తెలుసు. ప్యాచ్‌లో స్లాట్ కోస్తే కరెంటు చుట్టు తిరిగి వెళ్లాలి కాబట్టి ఫ్రీక్వెన్సీ దిగుతుందని, పక్కన పారసిటిక్ పట్టీ (ఫీడ్ తగలని లోహపు పట్టీ) పెడితే ఇంకో రెజొనెన్స్ వస్తుందని, సబ్‌స్ట్రేట్ మందం పెంచితే బ్యాండ్‌విడ్త్ పెరుగుతుందని, ఎలిమెంట్లు రెట్టింపు చేస్తే గెయిన్ 3 డీబీ దాకా పెరుగుతుందని తెలుసు. ఇవేవీ మీ ఆవిష్కరణ కాలేవు.

మన పక్కనే గాదంకిలో ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) వాళ్ల ఎంఎస్‌టీ రాడార్ ఉంది, పై వాతావరణాన్ని పరిశీలించడానికి. 53 మెగాహెర్ట్జ్‌లో, 130 మీటర్ల చదరంలో 1024 యాగి యాంటెన్నాలు, ఒక్కోదానికి మూడు ఎలిమెంట్లు. అక్కడ తరంగదైర్ఘ్యం సుమారు 5.66 మీటర్లు. బీమ్‌ని నడినెత్తి నుంచి 20 డిగ్రీలు వంచాలంటే గ్రేటింగ్ లోబ్ (అక్కర్లేని దిశలో పుట్టే ఇంకో బీమ్) రాకుండా ఎలిమెంట్ల మధ్య దూరం ఎంత ఉండొచ్చో లెక్క కట్టండి. తరంగదైర్ఘ్యాన్ని, 1కి 20 డిగ్రీల సైన్ కలిపిన సంఖ్యతో భాగిస్తే సుమారు 0.745 తరంగదైర్ఘ్యం వస్తుంది. ఎం.టెక్ విద్యార్థి తెల్లకాగితం మీద చేసే లెక్క ఇది. "దూరం 0.7 తరంగదైర్ఘ్యంగా ఉన్న అర్రే (యాంటెన్నాల వరస)" అని ఇవాళ ఎవరైనా క్లెయిము (దరఖాస్తులో ఏది తమదో హద్దు గీసి చెప్పే వాక్యం) రాస్తే, ఆ అంకె ఒక్కదాని వల్ల అది నిలవదు.

అయితే ఏ వరసలో చూడాలి?

ఢిల్లీ హైకోర్టు 2015లో రోష్, సిప్లా కేసులో చెప్పిన వరసే ఇక్కడ ఎక్కువగా వాడతారు. ముందు ఆ ఊహా మనిషి ఎవరో తేల్చాలి. తర్వాత మీ క్లెయిములో అసలు ఆలోచన ఏమిటో ఒకటి రెండు వాక్యాల్లో రాయాలి. ఆ తేదీకి అందరికీ తెలిసిన సంగతులేమిటో రాయాలి. పాత పత్రానికీ మీ క్లెయిముకీ తేడాలు తీయాలి. చివరగా, మీ ఆవిష్కరణ సంగతి తెలియని మనిషి ఆ తేడాల్ని తనంతట తాను దాటగలడా అని అడగాలి.

కష్టమంతా ఆ చివరి మెట్టు మీదే. పొడుపు కథ జవాబు తెలిశాక ఎవరికైనా తేలికే. మీ బొమ్మ చూశాక పాత పేటెంట్లు చదివితే అన్నీ మీ బొమ్మ వైపే వేలు చూపిస్తున్నట్టు ఉంటుంది. దీనికి విరుగుడు ఒకటుంది. దగ్గరి పాత పేటెంటుని, తీర్చాల్సిన సమస్యని మాత్రమే మీ డిజైన్ చూడని సాటి ఇంజనీరుకి ఇవ్వండి. "దీన్ని బాగు చేయమంటే ఏం మారుస్తావు?" అని అడిగి, అతను చెప్పిన మొదటి ఐదు మార్పులు తేదీ వేసి రాసుకోండి. అందులో మీ మార్పు ఉంటే జాగ్రత్త పడాలి. సమస్యని రాసేటప్పుడు పరిష్కారం అందులోకి చొరబడకుండా చూసుకోండి. "పట్టీ పెట్టి స్థిరత్వం పెంచడం ఎలా?" అని రాస్తే సగం జవాబు మీరే ఇచ్చేసినట్టు.

ఒక ఉదాహరణతో చెప్పండి.

కల్పించిన ఉదాహరణే, కానీ మన నేలది. చిత్తూరు వైపు తోతాపురి తోటలో చెట్టు మొదట్లో నేల తేమ కొలిచే పరికరం పెట్టారనుకోండి. లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండులో, 866 దగ్గర పని చేస్తుంది. తరంగదైర్ఘ్యం 346 మి.మీ., పావు వంతు 86.5 మి.మీ. 70 × 40 మి.మీ. ఎఫ్‌ఆర్4 బోర్డు (మామూలు సర్క్యూట్ బోర్డు) మీద ఇన్వర్టెడ్-ఎఫ్ యాంటెన్నా (ఎఫ్ అక్షరం ఆకారంలో ఉండేది) ముద్రించారు. ఎండగా ఉన్నప్పుడు బాగానే పని చేసింది. వాన పడి తడి ఆకు డబ్బాకి అతుక్కుంటే లింకు పోయింది. కారణం తెలిసిందే. ఇన్వర్టెడ్-ఎఫ్ చేతి కొస దగ్గర విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది. నీటి పర్మిటివిటీ 80 దగ్గర ఉంటుంది కాబట్టి ఆకు అక్కడ కెపాసిటెన్స్ కలిపి రెజొనెన్స్‌ని కిందికి లాగుతుంది.

పరిష్కారంగా కొసకి 1 మి.మీ. దూరంలో, గ్రౌండుకి కలిపిన చిన్న పట్టీ పెట్టి, దానికి తగ్గట్టు చేతి పొడవు కుదించారు. క్షేత్రం చాలావరకు కొసకీ పట్టీకీ మధ్య సందులోనే ఉండిపోతుంది, బయట అంటుకున్న ఆకుకి తగిలేది తక్కువ. ఫ్రీక్వెన్సీ కదలడం తగ్గింది. బ్యాండ్‌విడ్త్ కూడా తగ్గింది, ఉదాహరణకి 22 నుంచి 15 మెగాహెర్ట్జ్‌కి. కావాల్సింది 3 మెగాహెర్ట్జే కాబట్టి ఫర్వాలేదు.

వెతికితే మూడు పాత పత్రాలు దొరికాయనుకుందాం. ఒకటోదానిలో ఇదే ఇన్వర్టెడ్-ఎఫ్ ఉంది, పట్టీ లేదు. రెండోదానిలో 2.4 గిగాహెర్ట్జ్ యాంటెన్నా పక్కన గ్రౌండుకి కలిపిన పట్టీ ఉంది, కానీ అది పావు తరంగదైర్ఘ్యం పొడవుండి రెండో రెజొనెన్స్ ఇచ్చి బ్యాండ్‌విడ్త్ పెంచుతుంది. మూడోదానిలో ఫోను యాంటెన్నా కొసకి ఎదురుగా గ్రౌండు పలక ఉంది, యాంటెన్నాని చిన్నది చేయడానికి.

రెండో పత్రం చూసి భయపడక్కర్లేదు. "బ్యాండు వెడల్పు చేస్తే తడి ఆకు లాగినా పని జరుగుతుంది, కాబట్టి ఒకటి, రెండు కలపడం సహజం" అని ఎగ్జామినరు అంటారు. అలా కలిపితే వచ్చేది పొడుగాటి రెజొనెంట్ పట్టీ. మీది పొట్టిది, రెజొనేట్ కాదు, బ్యాండుని వెడల్పు చేయకపోగా ఇరుకు చేస్తుంది. వెడల్పు కోసం వెళ్లేవాడు మీ దారికి వీపు తిప్పి నడుస్తాడు.

మిమ్మల్ని పడగొట్టగలిగేది మూడోది. ఉద్దేశం వేరైనా నిర్మాణం దాదాపు మీదే. చిన్న బోర్డులో ఇమడ్చడానికి ఎవరైనా ఆ పలకని ఒకటో పత్రానికి చేర్చడం సహజమైతే, తడి ఆకుకి కదలకపోవడం దానంతట అదే వస్తుంది. అది కొసరు. కూరగాయల బుట్టలో పడ్డ కొసరు లాంటి లాభం చూపించి పేటెంటు అడిగితే నిలబడటం చాలా కష్టం. అప్పుడు మీకు మిగిలేది మూడో పత్రంలో లేని నిర్మాణ విశేషం. అక్కడి పలక కొసకి 4 మి.మీ. దూరంలో, బోర్డు లోపలి వైపు ఉండి, మీది 1 మి.మీ. దూరంలో, ఆకు తగిలే బయటి వైపు ఉంటే, లోపలి వైపు పెట్టినప్పుడు ఈ రక్షణ రాదని కొలతలతో చూపగలిగితే క్లెయిముని అక్కడికి కుదించండి. "తడికి తట్టుకునే యాంటెన్నా" అని ఫలితం ఒక్కటే క్లెయిములో రాస్తే మాత్రం నిలవదు. పట్టీ ఎటు వైపు, ఎంత దూరం, ఎంత పొడవు అన్నవి క్లెయిములో ఉండాలి.

రెండు మూడు పేటెంట్లు కలిపి "ఇది తట్టేదే" అనొచ్చా?

అనొచ్చు. ఎన్ని కలపొచ్చన్న పరిమితి కూడా లేదు. కానీ ప్రతి కలయికకీ, ఆ మనిషి దాన్ని ఎందుకు కలుపుతాడో కారణం చెప్పాలి. ముక్కలన్నీ ఎక్కడో ఒకచోట ఉన్నాయనడం కారణం కాదు.

యాంటెన్నాల చరిత్రలో దీనికి బాగా పనికొచ్చే కేసు అమెరికాలో లాగ్-పీరియాడిక్ డైపోల్ అర్రేది. డాబాల మీద టీవీ కోసం పెట్టే, ముందు పొట్టి కడ్డీలు, వెనక పొడుగు కడ్డీలు ఉన్న యాంటెన్నాల కుటుంబం అది. ఇలినాయ్ యూనివర్సిటీలో ఇస్బెల్ దానికి 1960లో దరఖాస్తు పెట్టారు, 1965లో పేటెంటు వచ్చింది. 1968లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు అది తట్టేదేనని కొట్టేసింది. కోర్టు పట్టుకున్న తీగలు మూడు. లాగ్-పీరియాడిక్ పద్ధతి అప్పటికే తెలుసు. పొడవు, దూరం క్రమంగా మారే డైపోల్ వరస, అన్నీ సమానంగా ఉన్నదాని కంటే వెడల్పు బ్యాండులో పని చేస్తుందనీ తెలుసు. ఎలిమెంట్ల మధ్య ఫీడరు తీగల్ని అటూ ఇటూ మార్చి, పొట్టి ఎలిమెంటు వైపు నుంచి ఫీడ్ చేస్తే ఒకే దిశలో ప్రసరిస్తుందనీ తెలుసు. ఒకే దిశలో, ఫ్రీక్వెన్సీ మారినా ఒకేలా పని చేసే యాంటెన్నా కావాలనుకున్నవాడు ఈ మూడింటినీ కలపడం సహజమే అంది కోర్టు.

అదే పేటెంటుని 1970లో ఏడో సర్క్యూట్ కోర్టు చెల్లుతుందంది! రెండూ పెద్ద కోర్టులే, చూసిందీ ఒకటే యాంటెన్నా. వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఒక కేసులో పూర్తిగా, న్యాయంగా వాదించుకునే అవకాశం దొరికి పేటెంటు చెల్లదని తేలితే, ఇంకో ప్రతివాది ఆ తీర్పుని అడ్డం పెట్టుకోవచ్చని 1971లో ఆ కోర్టు చెప్పింది. మనం గమనించాల్సింది ఏమిటంటే, తట్టడం అన్నది స్కేలు పెట్టి కొలిచేది కాదు. కాబట్టి "కలపడానికి కారణం లేదు" అన్న మీ వాదన ఎంత నిర్దిష్టంగా ఉంటే అంత మంచిది.

పాత పేటెంటులో ఉన్న కొలతే, అంకె మార్చాం. సరిపోతుందా?

పాతదాంట్లో "సందు 0.05 నుంచి 0.25 తరంగదైర్ఘ్యం దాకా" అని ఉండి మీరు 0.11 అంటే, ఆ 0.11 దగ్గర మిగతా చోట్ల లేని విశేషం ఏదో జరగాలి. 0.05 నుంచి 0.25 దాకా కనీసం పదిచోట్ల కొలిచి గ్రాఫు గీయండి. గీత నున్నగా పైకెక్కి నున్నగా దిగితే, మీరు చేసింది సాఫ్ట్‌వేర్ ఒక రాత్రిలో చేసే స్వీపే. 0.11 దగ్గర ఏదైనా ఊహించని మలుపు కనిపిస్తే, దానికి కారణం రాసి, ఆ గ్రాఫుని స్పెసిఫికేషనులోనే (దరఖాస్తుతో ఇచ్చే వివరణ పత్రం) పెట్టండి.

అన్ని కొలతలూ సగం చేసి ఫ్రీక్వెన్సీ రెట్టింపు చేయడం కూడా తట్టేదే. మాక్స్‌వెల్ సమీకరణాలే అలా చెప్తాయి. కాకపోతే స్కేలింగ్ తప్పే చోట్లున్నాయి. 28 గిగాహెర్ట్జ్‌కి వచ్చేసరికి మార్కెట్లో దొరికే సబ్‌స్ట్రేట్ మందం, తరంగదైర్ఘ్యంతో పోలిస్తే ఎక్కువై సర్ఫేస్ వేవ్‌లు పుడతాయి, రాగి గరుకుదనం వల్ల నష్టం పెరుగుతుంది. అక్కడ తగిలిన అడ్డంకిని మామూలుగా కాని దారిలో దాటితే, ఆ దారి క్లెయిముకి పనికొస్తుంది.

పాత పేటెంటే "ఇలా చేయొద్దు" అంటే?

మీకు దొరికే బలమైన వాదనల్లో ఇదొకటి. "పారసిటిక్‌ని 0.1 తరంగదైర్ఘ్యం కంటే దగ్గరికి తేవద్దు, ఫీడ్ ఇంపీడెన్స్ పడిపోతుంది" అని రాసి ఉందనుకోండి. మీరు 0.04కి తెచ్చి, పడిపోయిన ఇంపీడెన్స్‌ని వేరే విధంగా సరిచేసి లాభం పొందితే, ఆ పేరా, ఆ వాక్యం ఎత్తి చూపండి. పాత పేటెంటు "మాకు ఫలానా పద్ధతి ఇష్టం" అని మాత్రమే అంటే అది వద్దనడం కాదు. ఆ తేడా చాలామంది పట్టించుకోరు.

దీనికి దగ్గరిదే ఇంకోటి. మార్పు చేస్తే పాత పరికరం అసలు ప్రయోజనమే చెడుతుందా అని చూడండి. ఒకటో పత్రం జీపీఎస్ కోసం వృత్తాకార పోలరైజేషన్ ఇచ్చే ప్యాచ్ అనుకోండి. దానికి ఒక వైపే పట్టీ చేరిస్తే యాక్సియల్ రేషియో (పోలరైజేషన్ ఎంత గుండ్రంగా ఉందో చెప్పే అంకె) 3 డీబీ దాటిపోవచ్చు. అలాంటప్పుడు ఎవరూ ఆ పట్టీ చేర్చరు. మాటలతో ఆపకండి, ఒకటో పత్రం ప్యాచ్‌కి పట్టీ పెట్టి సిమ్యులేట్ చేసి ఆ అంకె చూపండి.

సెక్షన్ 3(ఎఫ్) అంటే ఏమిటి? అర్రేలన్నీ దాని కింద పోతాయా?

తెలిసిన పరికరాలు, ఒక్కోటి వేటికవే తెలిసిన పద్ధతిలో పని చేస్తూ ఉంటే, వాటిని ఒకచోట అమర్చినంత మాత్రాన ఆవిష్కరణ కాదని ఆ సెక్షన్ చెప్తుంది. ఒకే స్తంభానికి వైఫై యాంటెన్నా, జీపీఎస్ యాంటెన్నా, ఎఫ్‌ఎం కడ్డీ బిగిస్తే 3(ఎఫ్) వర్తిస్తుంది. గాదంకి లాంటి ఫేజ్డ్ అర్రేలో ఏ యాగికి ఆ యాగి విడిగా పని చేయదు. ఫేజులు కలిసి బీమ్‌ని కడతాయి, కాబట్టి 3(ఎఫ్) అంటుకోదు. అయినా ఇన్వెంటివ్ స్టెప్ ప్రశ్న విడిగా మిగిలే ఉంటుంది. ఒకటి దాటితే రెండోదీ దాటామనుకోవద్దు.

పాత పేటెంటుతో పోల్చి కొలిచాం, మాదే మెరుగు. ఇంకేం కావాలి?

ఆ పోలిక న్యాయంగా ఉండాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే.

ఒకటో పత్రం యాంటెన్నాని కూడా మీరే చేయాలి. అదే ఎఫ్‌ఆర్4 షీటు, అదే 1.6 మి.మీ. మందం, అంతే గ్రౌండు సైజు, అదే కనెక్టరు. ఎఫ్‌ఆర్4 పర్మిటివిటీ బ్యాచ్‌ని బట్టి 4.2 నుంచి 4.6 దాకా మారుతుంది, కాబట్టి రెండూ ఒకే షీటు మీద ముద్రించి కోయించండి. మీది 120 మి.మీ. గ్రౌండు మీద, పాతది 40 మి.మీ. గ్రౌండు మీద కొలిస్తే ఆ లాభం గ్రౌండుదే, మీ పట్టీది కాదు. ఒక్కోటి ఐదేసి చేసి, మధ్య విలువతో పాటు ఎంత అటూ ఇటూ ఉందో కూడా రాయండి.

చిన్న బోర్డులకి కేబులు పెద్ద శత్రువు. బోర్డు 70 మి.మీ., కేబులు మీటరు పొడవు. కేబులు పైపొర మీద కరెంటు పారి అదే యాంటెన్నాలో భాగమైపోతుంది. ఎనలైజరు తెర మీద గీత చూస్తూ కేబుల్ని గుప్పిట్లో పట్టి, చేతిని కనెక్టరు వైపు మెల్లగా జరపండి. గీతలో గుంట కదిలిందా, లోతు మారిందా? అయితే మీరు కొలుస్తున్నది కేబుల్ని. కనెక్టరు మొదట్లోనే ఫెర్రైట్ పూసలు తొడగండి, లేదా 866 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగదైర్ఘ్యం స్లీవ్ బాలన్ (కేబులు పైపొర కరెంటుని ఆపే లోహపు గొట్టం) వేయండి. గీత చేతికి కదలకుండా నిలిచాకే అంకె రాసుకోండి. కాలిబ్రేషన్ కూడా కేబులు చివర, యాంటెన్నా తగిలే చోటే చేయాలి.

మూడోది అందరూ మోసపోయేది. ఎస్11 (యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే పవరు కొలత) మైనస్ 10 డీబీ అంటే పదో వంతు పవరు వెనక్కి వస్తోందని మాత్రమే అర్థం. మిగిలిన తొమ్మిది వంతులు గాల్లోకి వెళ్లాయో, ఎఫ్‌ఆర్4లో, తడి ఆకులో వేడై పోయాయో ఎస్11 చెప్పదు. నష్టం ఎక్కువైతే గీత ఇంకా వెడల్పుగా, ఇంకా అందంగా కనిపిస్తుంది! కాబట్టి ఎఫిషియెన్సీ కొలిచి చూపండి. ఛాంబరు దొరక్కపోతే చిన్న యాంటెన్నాలకి వీలర్ క్యాప్ పద్ధతి ఉంది. లోహపు డబ్బా మూత పెట్టి ఒకసారి, తీసి ఒకసారి కొలిస్తే అంచనా వస్తుంది.

తడి ఆకు పరీక్షకి నిజం ఆకుతో ఒక వరస, పలచటి పాలిథీన్ సంచిలో కొలిచి పోసిన నీటితో ఇంకో వరస చేయండి. ఆకు ఆకుకీ నీరు మారుతుంది, సంచి మారదు.

పాత పేటెంట్లు ఎలా వెతకాలి?

మాటలతో కాదు, వర్గీకరణ సంఖ్యతో మొదలుపెట్టండి. "యాంటెన్నా", "రేడియేటరు", "ఎయిరియల్", "రేడియేటింగ్ ఎలిమెంటు" అని ఒక్కొక్కరు ఒక్కో మాట వాడతారు కాబట్టి మాటలతో వెతికితే సగం జారిపోతాయి. యాంటెన్నాలన్నీ హెచ్‌01క్యూ (H01Q) కింద ఉంటాయి. పరికరాల్లో ఇమిడేవి 1/24, బోర్డు మీద ముద్రించేవి 1/38, యాంటెన్నాల మధ్య కప్లింగ్ తగ్గించేవి 1/52, బహుళ బ్యాండులు 5, రెజొనెంట్ యాంటెన్నాలు 9/04, లాగ్-పీరియాడిక్ 11/10, స్లాట్ 13/10, యాగి 19/30, అర్రేలు 21. మన దేశానివి పేటెంటు ఆఫీసు వెబ్‌సైటు ఇన్‌పాస్‌లో, బయటివి ఎస్పాసెనెట్, పేటెంట్‌స్కోప్, గూగుల్ పేటెంట్స్‌లో చూడండి. దగ్గరిది ఒకటి దొరికాక, అది ఉదహరించినవి, దాన్ని ఉదహరించినవి రెండు వైపులా తవ్వండి. మంచివన్నీ ఎక్కువగా అక్కడే బయటపడతాయి. బొమ్మలు చూసి తిప్పేయకండి, వివరణలో "ఇంకో రూపంలో..." అని మొదలయ్యే పేరాలే తర్వాత మీ మీదికి వస్తాయి.

మా సొంత పేపరే మాకు అడ్డం వస్తుందా?

వస్తుంది. దరఖాస్తు తేదీకి ముందు మీరు వేసిన పేపరు, ఇచ్చిన థీసిస్, పెట్టిన వీడియో అన్నీ మీ మీదే వాడొచ్చు. సెక్షన్ 31 కింద కొన్ని ప్రదర్శనలకి, పండిత సంఘాల ముందు చదివిన పత్రాలకి 12 నెలల వెసులుబాటు ఉంది, కానీ షరతులు ఇరుకు. దాని మీద ఆధారపడొద్దు. యూరప్‌లో ఈ మాత్రం కూడా దొరకదు. కాన్ఫరెన్సుకి ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేసి, 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషను వేయండి. ప్రొవిజనల్‌లో ఒక బొమ్మ, రెండు వాక్యాలు పెడితే లాభం లేదు. అందులో ఉన్న విషయానికే ఆ తేదీ దక్కుతుంది.

మాకంటే ముందు వేసి, మా తర్వాత ప్రచురితమైన దరఖాస్తు ఉంది. అదీ లెక్కలోకి వస్తుందా?

దాని క్లెయిములో మీదే ఉంటే కొత్తదనానికి అడ్డం. తట్టేదా కాదా అన్న చర్చకి మాత్రం, మీ తేదీకి బయటికి రాని పత్రాన్ని కలపకూడదు. ఎగ్జామినేషన్ రిపోర్టులో దాన్ని కలిపారేమో ప్రచురణ తేదీలు చూసుకోండి.

ఎఫ్‌ఈఆర్ (ఎగ్జామినరు ఇచ్చే మొదటి రిపోర్టు) వచ్చింది. "ఒకటి, రెండు, మూడు పత్రాల వల్ల తట్టేదే" అని ఉంది. ఏం రాయాలి?

జవాబుకి 6 నెలలుంటాయి, అడిగితే ఇంకో 3 నెలలు పొడిగిస్తారు. "మా ఆవిష్కరణ ఎంతో విశిష్టమైనది" అని పేజీలు నింపొద్దు. క్లెయిముని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క ఏ పత్రంలో ఏ పేరాలో ఉందో, ఏది లేదో పట్టిక వేయండి. ఉన్నది ఉందని ఒప్పుకోండి, అప్పుడే లేదన్న మాటకి విలువ. తర్వాత లేని ముక్క చేసే పని ఏమిటి, ఆ పని కోసం ఎవరైనా రెండో పత్రం దగ్గరికి ఎందుకు వెళ్లరు, వెళ్లినా వచ్చేది ఎందుకు వేరు అని వరసగా రాయండి.

తిరస్కరించేటప్పుడు పాత పత్రంలో ఏముంది, మీ దాంట్లో ఏముంది, ఆ మనిషికి ఇది ఎలా తడుతుంది అన్న మూడూ కంట్రోలరు (పేటెంటు ఆఫీసులో నిర్ణయం చేసే అధికారి) చర్చించాలని ఢిల్లీ హైకోర్టు 2022లో అగ్రిబోర్డ్ కేసులో చెప్పింది. "తట్టేదే" అని ఒక్క మాటతో తీసేస్తే అప్పీలులో అది ఉపయోగపడుతుంది. మన దరఖాస్తులు చెన్నై పేటెంటు ఆఫీసు పరిధిలోవి. ఐపీఏబీ (పేటెంట్ల అప్పీళ్లు వినే బోర్డు) 2021లో రద్దయ్యాక అప్పీళ్లు హైకోర్టుకే వెళ్తున్నాయి.

సవరణలకి సెక్షన్ 59 హద్దు ఉంది. మొదట రాయని విషయం ఇప్పుడు చేర్చలేరు. తడి ఆకు సంగతి అసలు స్పెసిఫికేషనులో లేకుండా ఇప్పుడు డేటా పంపితే బరువుండదు. ఫైల్ చేసే రోజుకే ప్రభావం, కారణం, పోలిక కొలతలు లోపల ఉండాలని ఇందుకే అంటున్నాం.

వర్క్‌షాపులో చేసే చిన్న మెరుగులకి పేటెంటు రాదంటారు, నిజమేనా?

మన సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో ఆ మాటే చెప్పింది. అది పాత్రలకి లేతు మీద మెరుగు పెట్టేటప్పుడు పట్టి ఉంచే పరికరం గురించి. సమస్య ఎదుర్కొంటున్న నేర్పరి పనివాడి చేతిలో పాత పత్రం పెడితే, "నాకు కావాల్సింది ఇదే" అంటాడా అన్నది అక్కడి కొలమానం. యాంటెన్నాలో మార్పు చిన్నదైనంత మాత్రాన పేటెంటు పోదు. 1 మి.మీ. సందు కూడా నిలబడొచ్చు. మార్పు సైజు కాదు, దాన్ని చేరే దారి ఎంత మామూలుదన్నదే లెక్క.

వేరేవాళ్ల పేటెంటు తట్టేదేనని మేం చెప్పొచ్చా?

చెప్పొచ్చు. గ్రాంటు కాకముందు సెక్షన్ 25(1)(ఇ) కింద ఎవరైనా, గ్రాంటు ప్రచురితమైన ఏడాదిలోపు 25(2)(ఇ) కింద ప్రయోజనం ఉన్నవాళ్లు, ఆ తర్వాత 64(1)(ఎఫ్) కింద రద్దు కోరొచ్చు. పైన మీ డిజైన్‌కి పెట్టిన పరీక్షే ఇక్కడా. తెలిశాక తేలికగా కనిపించడం అన్న తప్పు ఈసారి మీ వైపు నుంచి జరగకుండా చూసుకోవాలి.

అన్నీ చూశాక మాది తట్టేదేనని తేలితే?

క్లెయిముని కుదించగలిగే విశేషం వివరణలో ఇంకా ఉందేమో ముందు చూడండి. మూడో పత్రం ఉదాహరణలో పట్టీ బయటి వైపు ఉండటం అలాంటిదే. ఏదీ లేకపోతే, కంటికి కనిపించే రూపం కొత్తదైతే డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేయొచ్చు, కానీ అది పనితీరుని కాపాడదు. అదీ కాదంటే పూర్తి కొలతలతో పేపరుగా ప్రచురించండి. ఆ తేదీ నుంచి అది అందరికీ పాత పత్రమే, రేపు ఇంకెవరూ దాని మీద పేటెంటు తెచ్చుకుని మీ తోటలో పరికరాన్ని ఆపలేరు.